నవ్వుల పెట్టెలో దాచిన దుఃఖం: 'వాండావిజన్'కు సిట్‌కామ్ వేషం ఎందుకు?

భోజనానికి పిలిచిన ఆఫీసు బాసుకు ఉన్నట్టుండి ముద్ద గొంతుకు అడ్డం పడుతుంది. ఊపిరాడక నేలమీదికి జారిపోతాడు. అప్పటిదాకా ప్రతి మాటకూ పగలబడి నవ్విన ప్రేక్షకులు గప్‌చిప్ అవుతారు. పెదాల మీద నవ్వు ఇంకా చెరగకుండానే అతని భార్య 'ఆపు, ఆపు' అంటుంది. మొదట మొగుణ్ణి ముద్దుగా కసురుకుంటున్నట్టే ఉంటుంది. అదే మాట మళ్ళీ మళ్ళీ అంటూ ఎదురుగా కూర్చున్న ఇల్లాలి వైపు తిరిగేసరికి, అది ఆమెను బతిమాలుకోవడంలా వినిపిస్తుంది. నాటకం చూసేవాళ్ళు కూర్చునే దూరంలో ఉన్న కెమెరా ఇప్పుడు బల్ల దగ్గరికి వచ్చి ముఖాల్లోకి చూస్తుంది. చివరికి ఆ ఇల్లాలు 'విజన్, ఆయన్ని కాపాడు' అంటుంది. భర్త గొంతులోకి చెయ్యి దూర్చి ముద్ద బయటికి తీస్తాడు. బాసు లేచి బట్టలు దులుపుకుంటాడు, నవ్వులు మళ్ళీ మొదలవుతాయి, ఏమీ జరగనట్టే.

2021 జనవరి 15న డిస్నీ ప్లస్‌లో మొదలైన 'వాండావిజన్' సిరీస్ తొలి ఎపిసోడ్‌లోని ఈ ఒక్క నిమిషం చాలు, మిగతా ఎనిమిది ఎపిసోడ్ల గుట్టు విప్పడానికి. ఇక్కడ భయం కలిగించేది ముద్ద అడ్డం పడటం కాదు. సిట్‌కామ్, అంటే వారం వారం వచ్చే టీవీ హాస్య ధారావాహిక, తన నియమం తప్పడం. కెమెరా కదలకూడని చోటికి కదిలింది, నవ్వు ఉండాల్సిన చోట లేదు. ఎక్కడో ఎవరో ఈ నవ్వులను పట్టి ఉంచుతున్నారని, ఆ పట్టు ఒక్క క్షణం జారిందని ప్రేక్షకుడికి మాటల్లో కాకుండా ఒంట్లో తెలుస్తుంది.

కథ నేపథ్యం తెలియనివారికి రెండు మాటలు. వాండా మాక్సిమాఫ్ మార్వెల్ సూపర్‌హీరో సినిమాల్లోని మంత్రశక్తులున్న పాత్ర. సొకోవియా అనే కల్పిత తూర్పు యూరప్ దేశపు పిల్ల. అమ్మానాన్నలు బాంబుకు బలయ్యారు, కవల సోదరుడు 2015లో వచ్చిన సినిమాలో చనిపోయాడు. ఆమె ప్రేమించిన విజన్ మనిషి రూపంలో ఉన్న యంత్రం. 2018 సినిమాలో లోకం కోసం అతణ్ణి ఆమే తన చేతులతో చంపాల్సి వచ్చింది. ఆ త్యాగానికీ విలువ లేకుండా విలన్ కాలాన్ని వెనక్కి తిప్పి అతణ్ణి ఇంకోసారి చంపాడు. అలాంటి జంట ఈ సిరీస్‌లో న్యూజెర్సీలోని వెస్ట్‌వ్యూ అనే ఊళ్ళో, 1950ల నాటి బ్లాక్ అండ్ వైట్ కామెడీలో కొత్తకాపురం పెట్టి కనిపిస్తారు. చనిపోయినవాడు ఎలా వచ్చాడు, ఈ కాలం ఏమిటి, ఈ నవ్వులు ఎవరివి? మూడు ఎపిసోడ్లు గడిచేదాకా జవాబు దొరకదు.

సూపర్‌హీరో కథకు సిట్‌కామ్ వేషం వేయడం పైకి ముచ్చట కోసం చేసిన పనిలా కనిపిస్తుంది. ఎపిసోడ్‌కో దశాబ్దం, దశాబ్దానికో పాత హిట్ కామెడీకి నమస్కారం. అంతమాత్రమే అయి ఉంటే రెండో వారానికే విసుగొచ్చేది. ముఖ్య రచయిత్రి జాక్ షేఫర్, దర్శకుడు మ్యాట్ షాక్‌మన్ పట్టుకున్నది సిట్‌కామ్ పోలికలను కాదు, దాని గుండెలో ఉన్న ఒప్పందాన్ని. ఏం జరిగినా వచ్చే వారానికి అంతా మామూలైపోతుంది అన్నది ఆ ఒప్పందం. 2001లో మొదలైన 'అమృతం' చూసిన తెలుగువాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. అమృతరావు, ఆంజనేయులు ఎంత పెద్ద పథకం వేసినా, అది ఎంత ఘోరంగా తన్నేసినా, తర్వాతి భాగంలో ఇద్దరూ మళ్ళీ అదే హోటల్లో అదే గల్లాపెట్టె దగ్గర ఉంటారు. దెబ్బ తగిలినా గాయం మిగలదు. అయినవాళ్ళందరినీ పోగొట్టుకున్న మనిషికి ఇంతకన్నా ఇష్టమైన లోకం ఇంకెక్కడుంటుంది?

ఆ లోకాన్ని కట్టడంలో వీళ్ళు చూపిన శ్రద్ధ గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. అమెరికా టీవీలో 1951లో 'ఐ లవ్ లూసీ' ఒక పద్ధతిని స్థిరపరిచింది: స్టూడియోలో నిజమైన ప్రేక్షకులను కూర్చోబెట్టడం, మూడు కెమెరాలతో ఒకేసారి 35 ఎంఎం ఫిల్మ్ మీద తీయడం. దాని ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్. 1927 నాటి జర్మన్ చిత్రం 'మెట్రోపొలిస్'కు పనిచేసినవాడు. మూడు కోణాల నుంచీ ఒకేసారి తీయాలంటే నీడలు అడ్డు రాకూడదు. అందుకే ఆయన సెట్ మొత్తం సమంగా వెలుతురు పరిచాడు. ఆ నీడలేని వెలుగే తర్వాత దశాబ్దాల పాటు సిట్‌కామ్‌కు ఇంటిగుర్తు అయింది. 'వాండావిజన్' తొలి ఎపిసోడ్‌ను షాక్‌మన్ నిజంగానే ప్రేక్షకుల ఎదుట తీశాడు. సిబ్బంది కూడా ఆ కాలపు దుస్తులు వేసుకుని సెట్ మీదికి వచ్చారు. గాల్లో తేలే గిన్నెలకు కంప్యూటర్‌ను నమ్ముకోకుండా తీగలు కట్టి లాగారు. విజన్ ముఖానికి రంగుల ఎపిసోడ్లలో ఎరుపు, బ్లాక్ అండ్ వైట్‌లో మాత్రం నీలం పూశారు. నలుపు తెలుపుల్లో ఎరుపు సరిగా పలకదు, నీలం అయితే కావలసిన బూడిద ఛాయ ఇస్తుంది. ఛాయాగ్రాహకుడు జెస్ హాల్ సిరీస్ మొత్తానికి వాడిన లెన్సులు 47.

షూటింగ్‌కు ముందు షాక్‌మన్, మార్వెల్ స్టూడియోస్ అధినేత కెవిన్ ఫైగీ ఇద్దరూ డిస్నీల్యాండ్‌లో డిక్ వాన్ డైక్‌ను కలిసి భోజనం చేశారు. 1961 నుంచి 1966 దాకా తన పేరుతోనే నడిచిన సిట్‌కామ్ హీరో ఆయన. ఆ కామెడీ అంత నిలబడటానికి కారణం ఏమిటని అడిగితే, నిజ జీవితంలో జరగలేనిది షోలోనూ జరగకూడదన్నది తమ నియమమని చెప్పారు. మంత్రగత్తె, మరమనిషి కాపురం చేసే కథకు ఈ సలహా ఎలా అతుకుతుందని అనుమానం రావచ్చు. సరిగ్గా అతికింది. బాసు భోజనానికి వస్తున్నాడు, వంట కాలేదు. వాయిదా వేయలేం, వండలేం. ఈ కంగారు ఏ ఇంట్లోనైనా ఉండేదే. మంత్రం ఆ కంగారును తీర్చదు, ఇంకాస్త పెంచుతుంది. ఎలిజబెత్ ఓల్సెన్, పాల్ బెటనీ ఆ పాత నటన తీరును ఎక్కడా వెక్కిరించలేదు. గొంతు పెంచే తీరు, నవ్వు కోసం అరక్షణం ఆగడం, తలుపు వేసి వీపు ఆనించి నిట్టూర్చడం, అన్నీ మనస్ఫూర్తిగా చేశారు. పేరడీ చేసి ఉంటే వాండా దుఃఖం మీద కూడా నమ్మకం పోయేది.

నవ్వు విషయానికి వస్తే, అమెరికన్ టీవీలో ప్రేక్షకులు లేకుండా తీసిన కామెడీలకూ నవ్వు జోడించే అలవాటు 1950ల నుంచే ఉంది. చార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు రకరకాల నవ్వులను టేపుల్లో నింపి ఒక యంత్రం తయారు చేశాడు. టైప్‌రైటర్ మీటల్లాంటివి నొక్కితే కావలసిన చోట కావలసినంత నవ్వు పలుకుతుంది. ఎప్పుడో, ఎక్కడో, దేనికో నవ్విన మనుషుల గొంతులు పెట్టెలో బందీలై, ఇంకెవరి ఇంట్లోనో ఆజ్ఞ ప్రకారం మోగుతాయి. వెస్ట్‌వ్యూ జనం పరిస్థితి కూడా అచ్చం ఇదే అని కథ ముందుకు సాగేకొద్దీ తెలుస్తుంది. వాండా తనకు తెలిసీ తెలియకుండా ఊరి చుట్టూ ఒక మంత్రపు గోడ కట్టింది. లోపల చిక్కిన వేలమంది ఆమె రాసిన పాత్రలు ఆడుతున్నారు. ఇరుగమ్మ, పొరుగాయన, ఆఫీసు గుమాస్తా, పోస్టుమాన్, అందరూ నవ్వమన్నప్పుడు నవ్వుతున్నారు. రాత్రి కలల్లో మాత్రం ఆమె పీడకలలే వాళ్ళకూ వస్తున్నాయి. లాఫ్ ట్రాక్ అనే పాత సాంకేతిక అలవాటును బందీఖానాకు రూపకంగా ఇంత నిశ్శబ్దంగా మార్చిన రచన టీవీలో అరుదు.

ఆ కాలపు కట్టుబాట్లను కూడా కథలో భాగం చేశారు. వాన్ డైక్ షోలో భార్యాభర్తలకు పడకగదిలో రెండు వేర్వేరు మంచాలు. 'ఐ లవ్ లూసీ' నాయిక నిజంగానే గర్భవతి అయి, ఆ సంగతి 1952లో కథలోకి తెచ్చినప్పుడు 'గర్భవతి' అనే మాట పలకడానికి ఛానెల్ ఒప్పుకోలేదు. రెండో ఎపిసోడ్‌లో వాండా, విజన్ కూడా మొదట వేరు మంచాల మీదే పడుకుంటారు. కిటికీ దగ్గర చప్పుడుకు భయపడిన వాండా చేతి విసురుతో రెండు మంచాలనూ ఒకటి చేస్తుంది. చూడటానికి సరదా సన్నివేశం. కానీ ఈ లోకపు నియమాలు ఆమె చేతిలో ఉన్నాయన్న మొదటి ఆధారాల్లో ఇదొకటి. 1964లో మొదలైన 'బివిచ్డ్'ను ఈ ఎపిసోడ్‌కు నమూనాగా ఎంచుకోవడమూ ఊరికే కాదు. మామూలు మనిషిని పెళ్ళాడి, తన శక్తులు దాచుకుని గృహిణిగా బతకాలని ప్రయత్నించే మంత్రగత్తె కథ అది. గోడ మీంచి తొంగిచూసే పక్కింటావిడ అందులోనూ ఉంది. ఇక్కడ ఆ పక్కింటావిడ ఆగ్నెస్‌గా క్యాథరిన్ హాన్ నటించింది. పిలవకుండా వచ్చే, అన్నీ ఆరా తీసే ఆ తెలిసిన పాత్ర మీద ఎవరికీ అనుమానం రాదు. రచయితలు ఆ నమ్మకం మీదే ఉచ్చు పన్నారు.

మధ్యలో వచ్చే నకిలీ ప్రకటనలను వదిలేయడం కుదరదు. మొదటిది స్టార్క్ ఇండస్ట్రీస్ వారి టోస్టర్. దాని మీద ఎర్రదీపం మిణుకుమంటూ, బీప్ శబ్దం వేగం పెరుగుతూ, బ్రెడ్ కాలేసరికి గుండె జారుతుంది. వాండా చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో పడి పేలకుండా మిగిలిన బాంబు మీద ఉన్న పేరు కూడా స్టార్క్‌దే. తర్వాతి ఎపిసోడ్‌లో వాచీకి, ఆమె మీద ప్రయోగాలు చేసినవాడి పేరు. ఆపైన సబ్బుకు, ఆ ప్రయోగాలు చేసిన సంస్థ పేరు. ఐదో ఎపిసోడ్‌లో మరకలు తుడిచే కాగితానికి లాగోస్ అని పేరు పెట్టారు. ఆమె పొరపాటు వల్ల అమాయకులు చనిపోయిన నగరం అది. మరిచిపోవాలని మనసు తోసేసిన ప్రతిదీ కమర్షియల్ బ్రేక్‌లో తిరిగొస్తుంది.

తెర వెడల్పును కూడా మాట్లాడించారు. లోపలి లోకం తొలి ఎపిసోడ్లలో పాత టీవీల 4:3 చదరంలో ఉంటుంది. మూడో ఎపిసోడ్, 1970ల రంగుల లోకంలో, వాండాకు కవలలు పుడతారు. జెరాల్డీన్ అనే స్నేహితురాలు నోరు జారి ఆమె సోదరుడి చావు సంగతి ఎత్తుతుంది. మరుక్షణం ఊరి సరిహద్దు అవతలికి విసిరివేయబడుతుంది. ఆమె గడ్డి మీద పడుతుంటే తెర రెండు పక్కలకూ నెమ్మదిగా విప్పారుతుంది. చుట్టూ హెలికాప్టర్లు, తుపాకులు, చీకటి. ఆమె అసలు పేరు మోనికా రాంబో అని, ఆమెకూ తల్లి పోయిన దుఃఖం ఉందని తర్వాత తెలుస్తుంది. మామూలుగా తెర పెద్దదైతే కంటికి హాయి. ఇక్కడ మాత్రం వెచ్చటి ఇంట్లోంచి చలిగాలిలోకి తోసేసినట్టు ఉంటుంది. వాండా ఆ చిన్న చదరంలోనే ఎందుకు ఉండిపోవాలనుకుంటుందో ప్రేక్షకుడికి అప్పుడు అర్థమవుతుంది, ఆమె చేస్తున్నది తప్పని తెలిసినా.

అన్నిటికన్నా గొప్ప ఎత్తుగడ 1980ల ఎపిసోడ్‌లో ఉంది. అది ఐదోది. పొరుగువాడొకణ్ణి తాత్కాలికంగా మంత్రం నుంచి విడిపించిన విజన్‌కు నిజం తెలిసింది. ఇంటికొచ్చి నిలదీస్తాడు. వాండా మాట తప్పించి, లేచి వెళ్ళిపోబోతుంది. వెంటనే తెర మీద నటీనటుల పేర్లు ఎక్కడం మొదలవుతుంది. భాగం అయిపోయింది, ఇక వచ్చేవారం చూద్దాం అన్నట్టు. కానీ విజన్ ఆగడు. పేర్లు ఎక్కుతూనే ఉంటాయి, వాటి వెనకాల మొగుడూపెళ్ళాల గొడవ ముదురుతూనే ఉంటుంది, ఇద్దరూ గాల్లోకి లేస్తారు. వాదనలో ఇరుక్కున్నప్పుడు 'ఇక ఆపుదాం' అని లేచిపోయే ప్రతి ఇంటి గొడవా ఇందులో ఉంది. సిట్‌కామ్‌కు మాత్రమే సాధ్యమైన ఆయుధాన్ని ఆమె వాడింది, అది పనిచేయలేదు. రూపమూ, భావమూ ఇంతగా ఒకటైపోయిన సన్నివేశం మార్వెల్ సినిమాలన్నీ గాలించినా ఇంకొకటి దొరకడం కష్టం.

అదే ఎపిసోడ్ చివర తలుపు తడతారు. చనిపోయిన సోదరుడు పియెట్రో నిలబడి ఉంటాడు, వేరే ముఖంతో. పాత సినిమాలో ఆ పాత్ర వేసింది ఒకరు, ఇక్కడున్నది ఇంకొకరు. సిట్‌కామ్‌లలో ఇదీ కొత్త కాదు. 'బివిచ్డ్'లో భర్త పాత్రధారిని 1969లో మార్చేస్తే కథలో ఎవరూ ఒక్క మాటైనా అనలేదు. పోయినవాడి స్థానంలో ఇంకొకణ్ణి తెచ్చి పెట్టి, అందరూ ఏమీ జరగనట్టు నడుచుకోవడం టీవీకి చెల్లుతుంది. దుఃఖంలో ఉన్న మనిషికి అది ఎంత పెద్ద ఆశ చూపుతుందో, ఎంత క్రూరంగా ఉంటుందో ఈ తలుపు సీనులో ఉంది. ఇంకో చిన్న ముచ్చట: ఈ ఎపిసోడ్‌కు ప్రేరణల్లో ఒకటైన 'ఫుల్ హౌస్'లో పసిపాప పాత్రను పంచుకున్న కవలలు ఎలిజబెత్ ఓల్సెన్ సొంత అక్కలు.

2000ల శైలిలో వచ్చిన ఆరో ఎపిసోడ్, కెమెరా ముందు కూర్చుని ఇంటర్వ్యూలు ఇచ్చే ఏడో ఎపిసోడ్ కాస్త పలచన. అయితే ఏడోదాంట్లో ఒక మెరుపు ఉంది. డ్రెస్సింగ్ గౌన్‌లో, నీరసంగా, తనమీద తనకే జాలితో మాట్లాడుతున్న వాండాను కెమెరా వెనకనుంచి ఒక గొంతు, 'నీకు ఇదే తగిన శాస్తి ఏమో' అన్నట్టు అడుగుతుంది. ఆమె ఉలిక్కిపడి, నువ్వు మాట్లాడకూడదు కదా అంటుంది. నవ్వులు పోయి, ప్రేక్షకులూ పోయి, మిగిలింది ఒంటరితనం.

ఇక ఎనిమిదో ఎపిసోడ్. ఇన్ని దశాబ్దాల కామెడీలు ఎందుకో అక్కడ తెలుస్తుంది. సొకోవియాలో యుద్ధం. బయట కాల్పులు, లోపల ఒక చిన్న గది. నాన్న డీవీడీలు అమ్మి బతుకుతాడు. ఆయన పెట్టె నిండా అమెరికన్ సిట్‌కామ్‌లు. టీవీ చూసే రాత్రి ఇంట్లో అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడాలి, అలవాటు కావాలని. ఆ రాత్రి చిన్నారి వాండా ఎంచుకున్నది డిక్ వాన్ డైక్ షో. చూస్తుండగానే బాంబు పడి అమ్మానాన్నలు పోతారు. పిల్లలిద్దరూ మంచం కింద దాక్కుంటారు, ఎదురుగా పేలని బాంబు. శిథిలాల మధ్య టీవీ మాత్రం ఇంకా ఆడుతూనే ఉంటుంది.

తెలుగు ప్రేక్షకుడు ఈ సిరీస్‌కు పరాయివాడినని అనుకోనక్కర్లేదని చెప్పేది ఈ దృశ్యమే. 'బివిచ్డ్' చూడలేదే, 'బ్రేడీ బంచ్' పేరైనా వినలేదే, ఆ చమత్కారాలు ఎలా అందుతాయని సందేహించేవాళ్ళు ఉన్నారు. వాండాకు కూడా అమెరికా టీవీ పెట్టెలోంచే తెలిసింది. ఇంగ్లీషు యాస పట్టుబడాలని సబ్‌టైటిల్స్ పెట్టుకుని అమెరికన్ సిట్‌కామ్‌లు చూసిన హైదరాబాద్, విజయవాడ హాస్టల్ పిల్లలకు, ఆ సోఫాలూ, ఆ వంటగదులూ చూసి అక్కడి జీవితం అంతా అంత తేలిగ్గా, అంత వెలుగ్గా ఉంటుందని ఊహించుకున్నవాళ్ళకు ఆ సొకోవియా గది బాగా తెలిసినదే. తమ ఇళ్ళలో ఆ కామెడీలు మామూలుగా ఆడిన అమెరికన్లకన్నా, దూరం నుంచి వాటిని కలలా చూసినవాళ్ళే వాండాకు దగ్గరివాళ్ళు.

ఆ ఎపిసోడ్‌లోనే ఇంకో గదిలో, సోదరుడు పోయిన కొత్తలో, ఆమె ఒంటరిగా 'మాల్కమ్ ఇన్ ద మిడిల్' చూస్తుంటుంది. ఇంటాయన కట్టుకుంటున్న చెక్క కప్పు కూలి నెత్తిన పడుతుంది. పక్కన చేరిన విజన్‌కు ఇందులో నవ్వేముందో అర్థం కాదు. అతనికి దెబ్బ తగల్లేదు, ఇది అలాంటి షో కాదు అంటుంది వాండా. ఇల్లు మీద కూలితే ఏమవుతుందో తెలిసిన పిల్ల అనే మాట అది. సిరీస్ మొత్తం ఈ వాక్యం లోపల ఉంది. ఆ తర్వాత విజన్ దుఃఖం గురించి, అది పట్టు వదలని ప్రేమే కదా అన్నట్టు చెప్పిన మాట లోకమంతా పాకింది. కానీ దానికి బలం ఇచ్చింది ముందున్న ఈ చిన్న మాటే.

ఇంత కట్టినవాళ్ళు ముగింపులో చేతులెత్తేయడం బాధ కలిగిస్తుంది. మార్చి 5న వచ్చిన తొమ్మిదో ఎపిసోడ్‌లో సిట్‌కామ్ దాదాపు మాయమై, ఆకాశంలో ఎర్రటి, ఊదా రంగు మెరుపులు విసురుకునే మామూలు పోరాటం మిగిలింది. రెండు విజన్లు, వాండా సృష్టించినవాడూ, పాత శరీరాన్ని బాగుచేసి లేపినవాడూ, పోట్లాట ఆపి, ముక్కలన్నీ మార్చిన ఓడ పాత ఓడే అవుతుందా అని తర్కించుకునే చోట మాత్రమే పాత తెలివి మళ్ళీ కనిపిస్తుంది. అంతకన్నా పెద్ద లోపం నైతికమైనది. పిల్లల ముఖం చూడనివ్వమని ఏడ్చిన ఊరివాళ్ళ మధ్య నుంచి వాండా నడిచి వెళ్ళిపోతుంటే, నువ్వు వాళ్ళ కోసం ఏం వదులుకున్నావో వాళ్ళకెన్నటికీ తెలియదు అని మోనికా ఓదారుస్తుంది. దుఃఖాన్ని అర్థం చేసుకోవడం వేరు, ఆ దుఃఖం కింద నలిగినవాళ్ళను లెక్కలోంచి తీసేయడం వేరు. ఎనిమిది ఎపిసోడ్లు ఈ తేడాను జాగ్రత్తగా పట్టుకున్న రచన ఒక్క వాక్యంలో జారవిడిచింది.

అయినా ఆ ఏడాది అమెరికా టీవీ అవార్డులైన ఎమ్మీల్లో 23 నామినేషన్లు రావడం, దుస్తులకు, ప్రొడక్షన్ డిజైన్‌కు, ఒక పాటకు కలిపి మూడు అవార్డులు దక్కడం న్యాయమే. మార్వెల్ స్టూడియోస్‌కు అవే తొలి ఎమ్మీలు. పాట రాసి కూర్చినవాళ్ళు 'ఫ్రోజెన్' పాటల జంట క్రిస్టెన్ ఆండర్సన్ లోపెజ్, రాబర్ట్ లోపెజ్. దశాబ్దానికో టైటిల్ పాట చొప్పున చాలావరకూ వాళ్ళే కట్టారు. అవార్డు తెచ్చిన పాట ఏడో ఎపిసోడ్ చివర పక్కింటి ఆగ్నెస్ అసలు రూపం బయటపడినప్పుడు వస్తుంది. ఆమె పేరు అగాథా హార్క్‌నెస్, శతాబ్దాల నాటి మంత్రగత్తె. వాండా శక్తిని కాజేయాలని చూసింది.

చివర్లో గెలిచిన వాండా ఆమెను చంపదు. నువ్వు ఎంచుకున్న పాత్రలోనే ఉండిపో అంటుంది. అగాథా వద్దని వేడుకుంటుండగానే ముఖం మారిపోయి, గొంతులో ఆ పక్కింటి హుషారు తిరిగొస్తుంది. మంత్రపు గోడ కూలింది, ఇల్లు మాయమై ఉత్త పునాది మిగిలింది, ఊరు విడుదలైంది. ఒక్క మనిషి మాత్రం సిట్‌కామ్ లోపలే ఉండిపోయింది, నవ్వుతూ. 2024లో ఆమె పేరున వచ్చిన సిరీస్ మొదలయ్యేటప్పటికీ ఆమె ఇంకా వెస్ట్‌వ్యూలోనే, ఇంకా వేషంలోనే ఉంది. అయితే ఈసారి కామెడీలో కాదు, ఒక నేరపరిశోధన సీరియల్లో డిటెక్టివ్‌గా.